అడవికి టైంటేబుల్ వేసినవాణ్ణి

నా పేరు పోలరాజు. గూడ్సు బండి డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మమ్మల్ని లోకో పైలట్లంటున్నారు, విమానాలు నడిపినట్టు. మా ఆవిడ రాజులమ్మకి మాత్రం నేను డ్రైవర్నే. అదీ బండి తప్ప ఇంట్లో ఏ పనీ నడపడం రాని డ్రైవర్ని. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. మొన్నటికి మొన్న గ్యాస్ సిలిండర్ మార్చమంటే వంటింట్లో నానా హైరానా పడి, చివరికి కిందనుంచి వాచ్‌మన్‌ని పిలిచాను.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఉద్యోగం సికింద్రాబాదులో వచ్చింది కాబట్టి ఇక్కడ పడ్డాం. సర్వీసంతా క్వార్టర్సులో గడిపి, రిటైరయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో రెండు గదుల ఫ్లాటులో చేరాం. ఇక్కడివాళ్ళకి నేను కొంచెం తేడాగా కనిపిస్తానని నాకు తెలుసు. కారణం ఉంది. ఇంజన్లో మేం ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనబడగానే నేను చెయ్యెత్తి "గ్రీన్" అని గట్టిగా అనాలి, పక్కనున్న అసిస్టెంటు కూడా చెయ్యెత్తి "గ్రీన్" అనాలి. ఒకడు కునికినా రెండోవాడికి తెలియాలని ఆ పద్ధతి. ఉద్యోగం పోయింది గానీ పద్ధతి పోలేదు. ఆటోలో వెళ్తూ చౌరస్తా రాగానే నేను చెయ్యెత్తి "రెడ్!" అంటాను. పక్కన రాజులమ్మ తల కొట్టుకుంటూ "రెడ్డే, రెడ్డే" అంటుంది. అనకపోతే అనేదాకా నేను ఊరుకోనని ఆవిడకి తెలుసు. ఆటోవాళ్ళు అద్దంలో మా ఇద్దర్నీ చూసి, దింపగానే మారు మాట్లాడకుండా వెళ్ళిపోతారు.

నా డ్యూటీ ఎక్కువగా కాజీపేట అవతల, బల్లార్షా వైపు లైన్లో పడేది. దారిలో అడవి. రాత్రంతా బండి నడిపి, అక్కడ డ్రైవర్లకిచ్చే రన్నింగ్ రూములో పడుకుని, తిరుగు బండి పట్టుకుని ఇంటికొచ్చేసరికి రెండు మూడు రోజులయ్యేది. గుమ్మంలో రాజులమ్మ మొహం మాడ్చుకుని నిలబడేది. పండగకి లేను, పబ్బానికి లేను, ఆవిడకి జ్వరమొస్తే లేను. ఆ కోపానికి నా దగ్గర ఒకటే మందు. "ఈసారి ఎలుగుబంటిని చూశాను రాజులూ" అనేవాణ్ణి. అంతే. కోపం అక్కడే వదిలేసి, చెంబుతో నీళ్ళిచ్చి, "ఎంతుంది? పిల్లలున్నాయేటి?" అంటూ పక్కన చతికిలబడేది.

నిజం చెప్పాలంటే నేను చూసింది రెండు కళ్ళు. హెడ్‌లైటు వెలుగులో ట్రాకు మీద రెండు కళ్ళు మెరిసేవి, మరుక్షణం ఉండేవి కావు. మిగతా జంతువంతా ఇంటికొచ్చేలోగా నేనే తయారుచేసేవాణ్ణి. కాజీపేట దాటేటప్పటికి అది కుందేలు. జనగామ దగ్గరికి నక్క. మౌలాలి చేరేసరికి చిరుత. తోక, మచ్చలు, మీసాలు అన్నీ అమర్చేవాణ్ణి. ఒకసారి మరీ ఉత్సాహం ఎక్కువై, నెమలి పట్టాల మీద పురి విప్పి ఆడిందని చెప్పాను. అదీ అర్ధరాత్రి. రాజులమ్మ నమ్మింది. నమ్మి ఊరుకుందా? చుట్టాలకి, పక్కింటివాళ్ళకి, చివరికి కూరలబండి అతనికి కూడా చెప్పుకునేది. "మా ఆయనకి పులులూ సింవాలూ కొత్త కాదు" అని. సింహాలు నేను చెప్పలేదు. అవి ఆవిడ సొంతంగా కలిపింది.

ఇలా హాయిగా సాగిపోతుంటే పై ఫ్లాటు అనసూయమ్మగారు మహారాష్ట్రలో ఏదో అడవికి వెళ్ళొచ్చి, ఫోన్లో పులి వీడియో చూపించారు. పులి తీరిగ్గా రోడ్డు దాటుతోంది, మధ్యలో ఆగి ఆవులించింది కూడా. రాజులమ్మ ఎప్పటిలాగే "మా ఆయన ఇలాటివి బోల్డు సూశాడు" అంది. అనసూయమ్మగారు నవ్వి, "ఫొటో ఒక్కటైనా ఉందా రాజులమ్మా?" అన్నారు.

ఎక్కడినుంచి వస్తుంది? డ్యూటీలో ఫోను ముట్టుకోకూడదు. ఆ మాటే చెప్పి రావచ్చు. రాజులమ్మ చెప్పలేదు. తిన్నగా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏటయ్యా, మనిద్దరి మజ్జినా మాట. నిజింగా సూసినావా, నాకు సెప్పడానికి కట్టినావా?"

"చూశాను" అన్నాను. గొంతు ఎలకపిల్ల గొంతులా వచ్చింది. ఆవిడ నా మొహంలోకి కాసేపు అలాగే చూసింది.

"ఇన్నేళ్ళూ నివ్వింటికాడ నేకపోతే, పోన్లే, అక్కడేటో గొప్పవి సూత్తన్నాడు మా ఆయన అని సరిపెట్టుకున్నాను. అవీ కోతలే అయితే నాకింకేటి మిగిలినట్టు?"

కోపంగా అని ఉంటే నేనూ ఎగిరి, ఇంతెత్తున లేచి, తప్పించుకునేవాణ్ణి. కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాను. "పద, చూపిస్తాను. అదే అడవి. ఒక్క జంతువునైనా నీ కళ్ళతో నువ్వే చూడు" అనేశాను. అనేశాక ఒళ్ళంతా చెమట పట్టింది. ఎందుకంటే ఆ అడవిలో నేను ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. పగలు అక్కడ ఏముంటుందో, అసలు ఏమైనా ఉంటుందో ఉండదో కూడా నాకు తెలీదు.

వెంటనే జావీద్‌కి ఫోను కొట్టాను. నా దగ్గర అసిస్టెంటుగా చేసి, ఇప్పుడు తనే డ్రైవరయ్యాడు. మహబూబాబాద్ కుర్రాడు, మంచివాడు. వాళ్ళ మేనమామ కొడుకు ఫకీర్ కాగజ్‌నగర్ అవతల, అడవి అంచున ఒక చిన్న ఊళ్ళో జీపు నడుపుతాడు. ఆ ఊరి పేరు చెప్పను. చెప్తే మీరంతా బయల్దేరతారు, అక్కడున్నది ఒకటే లాడ్జి.

జావీద్ మా ఇంటికి వచ్చేసరికి నేను పాత క్యాలెండరు వెనక టైంటేబుల్ గీసి సిద్ధంగా ఉన్నాను. రైల్వేలో పనిచేసినవాడికి టైంటేబుల్ లేకుండా ప్రయాణమంటే చొక్కా లేకుండా పెళ్ళికి వెళ్ళినట్టుంటుంది. తెల్లవారుజామున టీ. తర్వాత జింకలు. టిఫిన్. టిఫిన్ తర్వాత ఎలుగుబంటి. భోజనం, విశ్రాంతి. సాయంత్రం చిరుత, వీలుంటే పులి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య, ఆలస్యమైతే సర్దుకోవడానికి కొంత ఖాళీ కూడా వదిలాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జావీద్ అది అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, ఎలుగుబంటికి గీ టైమని ఎవలు చెప్పిన్రు?"

"పొద్దున పూటే తిరుగుతాయటోయ్."

"తిరుగుతయ్ గానీ, మీ టిఫిన్ అయ్యేదాంక గూడ్సు బండి లెక్క లూప్ లైన్ల నిలబడయ్ గద సార్."

వంటింట్లోంచి రాజులమ్మ నవ్వు వినిపించింది. నాకు రోషం వచ్చింది గానీ, జావీద్‌తోనే పని కాబట్టి మింగేశాను. వాడు ఫకీర్‌కి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు.

"బాబూ, చిరుత ఖాయమేనా?" అన్నాను.

"గ్యారంటీ ఇయ్య సార్. అడవి మనది గాదు."

"పోనీ దుప్పి?"

"దుప్పులైతే కనబడ్తయ్. మీరు సప్పుడు చెయ్యకుంటె సాలు. అత్తరు గిట్ల కొట్టుకోవద్దు. మెరిసే బట్టలు వద్దు. మట్టి రంగో, ఆకు రంగో ఏసుకుండ్రి. పరేషాన్ గాకుండ్రి, నేనున్న గద."

పరేషాన్ అప్పుడే మొదలైంది. రాజులమ్మ బీరువాలో ఎరుపుంది, పసుపుంది, గులాబీ ఉంది, కళ్ళు చెదిరే నీలం ఉంది. మట్టి రంగు చీర ఆవిడ పుట్టాక కొనలేదు. సరే, మోండా మార్కెట్‌కి వెళ్ళాం. ముందు చింతపండు, ఎండుమిరపకాయలు కొంది. ఎందుకే అంటే అడవిలో దొరకవంది. తర్వాత పక్క బజార్లో చీరల కొట్టుకెళ్ళాం. కొట్టతను మట్టి రంగు, బూడిద రంగు, ముదురాకుపచ్చ పరిచాడు. రాజులమ్మ వాటిని వేలితో కూడా ముట్టలేదు.

"ఈ సీర కట్టుకుంటే నన్ను నానే గుర్తుపట్టలేను."

"జంతువులు గుర్తుపట్టకూడదనే కదే."

"జంతువుల సంగతి తరవాత. ఊళ్ళోవోలు సూసి ఏటనుకుంతారు? ఈయన పెళ్ళానికి మంచి సీర కూడా కొన్నేదనుకుంతారు."

చివరికి చిలకాకుపచ్చ మీద ఎర్రంచు చీర తీసుకుంది. "ఆకు రంగే" అని తేల్చేసింది. అంత ధగధగలాడే ఆకు ఏ చెట్టుకీ నేను చూడలేదు. కానీ ఎలుగుబంటిని టిఫిన్ తర్వాత రమ్మన్నవాణ్ణి, నాకు నోరెక్కడిది? నా వంతుగా నేను సైనిక్‌పురిలో ఒక కొట్టుకెళ్ళి మిలిటరీ రంగు మచ్చల ప్యాంటు, దానికి జోడుగా టోపీ కొన్నాను. ఎలా ఉందో చూద్దామని వేసుకుని లిఫ్టెక్కితే, అనసూయమ్మగారు నన్ను ఎగాదిగా చూసి, "వాచ్‌మన్ మారాడా? పాతాయన ఏమయ్యాడు?" అని అడిగారు. "నేనే అనసూయమ్మగారూ" అన్నాను. ఆవిడ పైఅంతస్తు వచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయారు.

జావీద్ బైనాక్యులర్స్ ఇచ్చాడు. అలవాటు కావాలి కదా అని సాయంత్రాలు బాల్కనీలో నిలబడి దూరపు చెట్ల మీద కాకుల్ని చూసేవాణ్ణి. మూడోనాటికి ఎదురు బ్లాకువాళ్ళు సెక్రటరీకి ఫిర్యాదు చేశారు. "ఈ వయసులో ఏంటండీ ఇది" అన్నాడాయన. కాకులండీ అంటే నమ్మడే! ఇక నిశ్శబ్దంగా ఉండడం సాధన చేద్దామని, టీవీ ఆపేసి, ఇద్దరం మాటా పలుకూ లేకుండా కూర్చున్నాం. కాసేపటికి రాజులమ్మ "మజ్జిగ పోపెయ్యనా?" అంది. "మాట్లాడొద్దన్నానా!" అని నేను అరిచిన అరుపుకి కిందనుంచి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

బయల్దేరే రోజు ఇంజన్లోకి తీసుకెళ్ళే నా పాత ఇనప్పెట్టె నిండా రాజులమ్మ జంతికలు, ఆవకాయ, చోడిపిండి కుక్కింది. సికింద్రాబాదులో రైలెక్కి కూర్చున్నాం. ప్యాసింజరుగా కూర్చోవడం నాకు చేతకాదని ఆవేళే తెలిసింది. ప్రతి సిగ్నలుకీ నా చెయ్యి పైకి లేస్తుంటే, ఎదుటి సీట్లో పెద్దమనిషి నేను తననే పిలుస్తున్నాననుకుని రెండుసార్లు పలికి, తర్వాత వేరే సీటుకి వెళ్ళిపోయాడు. రాజులమ్మ కిటికీ వదల్లేదు. పత్తి చేలు పోయాయి, గుట్టలు పోయాయి, టేకు చెట్లు వచ్చాయి.

"ఇదేనా నీ అడివి?"

"ఇదే."

"ఏవీ నేవేటి?"

"పగలు కదా" అన్నాను. ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. అది చూసి నాకు భయమేసింది.

ఆ ఊళ్ళో ఒక బస్టాండు, నాలుగు కొట్లు, ఎరువుల దుకాణం మీద లాడ్జి. గదిలోకి అడుగు పెట్టగానే గోడ మీద బల్లి. "ఇదిగో, ఒకటి కనబడింది" అంది రాజులమ్మ, పెట్టె దించుతూ. టీ కొట్టువాడు మా చిలకాకుపచ్చనీ, మచ్చల ప్యాంటునీ చూసి, ఏ డ్రామా కంపెనీ అని అడిగాడు.

మర్నాడు వేకువనే ఫకీర్ జీపు తెచ్చాడు. వెనక సీట్లో నీహారిక అనే పిల్ల కూర్చుని ఉంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట, ఒళ్ళో మూరెడు పొడుగు కెమెరా. రాజులమ్మ ఆ పిల్ల పక్కన సర్దుకుంది. నేను ముందర ఫకీర్ పక్కన. ఎక్కేముందు అలవాటు కొద్దీ జీపు చుట్టూ తిరిగి టైర్లు తట్టి, బ్రేకు తొక్కి చూపించమన్నాను. ఫకీర్ ఓపిగ్గా తొక్కి, "ఇగ షురూ చేద్దామా సార్? లోపల మాట్లాడొద్దు, దిగొద్దు, హారన్ సుత కొట్టనియ్యరు" అన్నాడు.

అడవిలోకి వెళ్ళాం. దారి కొంచెం వంకర తిరగ్గానే నేను చెయ్యెత్తి "ముందు మలుపు!" అన్నాను. వెనకనుంచి రాజులమ్మ "మలుపే, మలుపే" అంది. "ఆంటీ, ప్లీజ్" అంది నీహారిక. "సార్, జెర ఊకోండ్రి" అన్నాడు ఫకీర్. నోరు మూసుకున్నాను.

చాలా దూరం పోయాం. ఎక్కడో నెమలి అరిచింది, కనబడలేదు. ఫకీర్ బురదలో ఏవో అడుగులు చూపించాడు, అవీ రాత్రివట. ఇంకా తెల్లగా తెల్లారలేదు. ఏమీ కనబడకపోతే రాజులమ్మ నన్ను ఏమీ అనదు. ఇంటికెళ్ళి బట్టలు మడతపెట్టుకుంటుంది, ఇక జన్మలో నా మాట ఒక్కటీ నమ్మదు.

అప్పుడు ఫకీర్ మెల్లగా జీపు ఆపాడు.

దారి మధ్యలో దుప్పి. మగది, కొమ్ములున్నది. అడ్డంగా నిలబడి తల మావైపు తిప్పింది. మెడ, చుక్కలు, సన్నటి కాళ్ళు, ముక్కులోంచి పొగలా వస్తున్న ఊపిరి, అన్నీ కనబడుతున్నాయి. నేను ఇన్నేళ్ళూ తయారుచేసిన జంతువుల్లో ఒక్కటి కూడా దాని కాలిగోటికి సరిపోదు. వెనక రాజులమ్మ గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. నీహారిక కెమెరా ఎత్తుతోంది. అంతలో జీపు లైటుకి దాని కళ్ళు రెండూ మెరిశాయి.

ట్రాకు మీద జంతువు కనబడితే దాన్ని చూడ్డం డ్రైవరు పని కాదు. గూడ్సు బండి బ్రేకు వేసినచోట ఆగదు. వెనక అంత బరువు తోసుకొస్తుంటే ఎంతో దూరం పోయిగానీ నిలవదు. ఆ జంతువుకీ నాకూ మధ్య ఉండేది హారన్ ఒక్కటే. అది కన్ను గుర్తించేలోగా చెయ్యి చెయ్యాల్సిన పని. నా చెయ్యి చేసేసింది. ఫకీర్ గుండెల మీదుగా చాచి, స్టీరింగు నడిమధ్య అరచేయి పెట్టి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను.

అడవంతా మోగిపోయింది. దుప్పి గాల్లోకి ఎగిరింది, ఒక్క గెంతులో పొదల్లో కలిసిపోయింది. చెట్ల మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఇక చెప్పడానికి సిగ్గేసే సంగతి. నేను సీట్లోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. "తప్పుకుంది! తప్పుకుంది రాజులూ!" అని కేకలు పెట్టాను. ఎంత సంతోషమో నాకు!

"అంకుల్! ఏం చేశారు మీరు!" నీహారిక గొంతు ఏడుపులో పడింది.

"ఏంది సార్ గిది! ఫారెస్టు గేటు కాడ తెలిస్తే నా జీపు బంద్ జేస్తరు" అన్నాడు ఫకీర్. పాపం వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు తెలివొచ్చింది. కూలబడ్డాను. పెళ్ళానికి ఒక్క జంతువుని చూపిస్తానని ఇంత దూరం తెచ్చి, తీరా అది వచ్చి నిలబడితే, నా చేత్తో నేనే తరిమేశాను. ఇంతకంటే వెధవ ఈ భూమ్మీద ఉంటాడా? తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాను.

"ఇంతేనా?" అంది రాజులమ్మ.

"ఏంటి?"

"నివ్వు సూసినయ్యి. ఇంతసేపేనా? కళ్ళు మెరవడం, హారన్ కొట్టడం, అది ఎల్లిపోవడం?"

"ఇంతే" అన్నాను. "ఇంతసేపు కూడా కాదు. తోకలూ మచ్చలూ నేనే పెట్టాను. పులి లేదు. నెమలీ లేదు."

నేను వెనక్కి తిరిగే ధైర్యం చెయ్యలేదు.

"కొట్టినా తప్పుకోకపోతే?" అంది.

ఫకీర్ తాళం తిప్పబోయినవాడు ఆగాడు.

"కత సెప్పిన రోజు అది తప్పుకున్న రోజన్నమాట" అంది మెల్లగా. నాతో అంటున్నట్టు లేదు. "కొన్నిసార్లు ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా, ఏ కతా సెప్పకుండా, గోడకి తిరిగి తొంగునేవోడివి. ఆ పాలి అడివిలో ఏవీ కనబడనేదు గావాల అనుకునేదాన్ని."

"కనబడేవి" అన్నాను. "తప్పుకునేవి కావు."

రాజులమ్మ ముందుకి వంగి నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. పరాయివాళ్ళున్నారని కూడా చూడలేదు. నేను ఏడ్చాను. ఇంత వయసొచ్చినవాణ్ణి, మచ్చల ప్యాంటు వేసుకుని, జీపులో కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చాను. నీహారిక కెమెరా ఒళ్ళో పెట్టుకుని అటు తిరిగింది.

"ఇయ్యాలది తప్పుకుంది కదయ్యా" అంది రాజులమ్మ. "నానూ సూసినాను."